మన సంచి మీద ఊరి పేరేది?

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని పిలుచుకుంటాం కదండీ, ఈసారి అసలు ఫ్రాన్సు సంగతే ఒకటి మాట్లాడుకుందాం. ప్యారిస్ గురించి కాదు లెండి. దానికి బాగా దక్షిణాన, మధ్యధరా సముద్రం వైపు రోన్ నది చుట్టుపక్కల, లాంగ్‌డాక్ ప్రాంతంలో ద్రాక్ష పండించే పల్లెలున్నాయి. ఆ రైతులు తయారుచేసే ఎర్ర వైన్ నుంచి మనం, అంటే ఈ కృష్ణా పశ్చిమ డెల్టాలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళం, నేర్చుకోవాల్సింది ఒకటుందని నా అభిప్రాయం.

వైన్ తాగండని చెప్పడానికి ఇది రాయడం లేదు. మన ఊళ్ళలో వైన్ షాపు అని బోర్డు ఉన్నచోట జనం క్యూ కట్టేది వైన్ కోసం కాదని అందరికీ తెలుసు. నేను చెప్పేది రైతు సంగతి. అయినా ఫ్రాన్సు ద్రాక్ష రైతుతో మనకి చుట్టరికం పాతదే. తమలపాకు తోటలోనో కూరగాయల మడిలోనో మైలతుత్తం, సున్నం కలిపి కొట్టిన బోర్డో మిశ్రమం గుర్తుందా? ఆ బోర్డో ఫ్రాన్సులో ద్రాక్షకి పేరుపడిన ప్రాంతం. అక్కడ ద్రాక్ష ఆకుకి వచ్చే బూజు తెగులు కోసం 1880లలో కనిపెట్టిన మందు అది.

మూడు రకాలు, ఒక సీసా

దక్షిణ ఫ్రాన్సు ఎర్ర వైన్‌లో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అది సాధారణంగా ఒక్క రకం ద్రాక్షతో తయారు కాదు. గ్రెనాష్, సిరా, మూర్వేద్ర అనే మూడు రకాలు కలుపుతారు. కొన్ని ఊళ్ళలో కరిన్యాన్, సిన్సో కూడా చేరతాయి.

ఎందుకు కలుపుతారు? ఒక్కో రకానికి ఒక్కో గుణం. గ్రెనాష్ ఎండకీ గాలికీ తట్టుకుంటుంది, బాగా తీపెక్కుతుంది. వైన్‌కి ఒళ్ళు దానివల్ల వస్తుంది, కానీ రంగు తక్కువ. సిరా చిక్కటి రంగు ఇస్తుంది, మిరియాల లాంటి ఘాటు ఉంటుంది. మూర్వేద్ర తోలు మందం, ఆలస్యంగా పండుతుంది, వగరూ గట్టిదనమూ దానివి. దాని కాళ్ళు నీళ్ళలో, తల ఎండలో ఉండాలని అక్కడి రైతులు అంటారు. ఒకటి తగ్గిన చోట ఇంకొకటి ఆదుకుంటుంది. ఒక ఏడాది వానలు తేడా వచ్చి ఒక రకం దెబ్బతిన్నా మిగతా రెండూ నిలబెడతాయి. పాత తోటల్లో అయితే రకాలన్నీ ఒకే చేలో కలగలిపి నాటి, కలిపే కోసేవాళ్ళు. నవధాన్యాలు చల్లే మనకి ఈ ఆలోచన కొత్తేమీ కాదు.

ఇప్పుడు సీసా లేబుల్ చూడండి. ముందు వైపు పెద్ద అక్షరాలతో ఉండేది ద్రాక్ష రకం పేరు కాదు, ఊరి పేరు. లేదంటే ఆ ప్రాంతం పేరు. ఏ రకాలు కలిపారో చాలామంది వెనక వైపు చిన్నగా రాస్తారు. కొనేవాడు ఊరి పేరు చూసి కొంటాడు.

ఇంకో తమాషా ఉంది. గ్రెనాష్, మూర్వేద్ర, కరిన్యాన్ ఈ మూడూ స్పెయిన్ నుంచి వచ్చినవే. అయినా ఆ వైన్‌ని ఎవరూ స్పెయిన్ వైన్ అనరు. ఆ రాళ్ళ నేలలో, మిస్త్రాల్ అనే చలిగాలి వీచే చోట, చుట్టూ అడవి వామూ రోజ్‌మేరీ తుప్పలు పెరిగే గుట్టల మధ్య వందల ఏళ్ళు పండి, అవి ఆ నేలవి అయిపోయాయి.

విత్తనం సంచి మీద ఉన్న పేరు బియ్యం సంచి మీద లేదు

ఇక మన దగ్గరికి వద్దాం. బీపీటీ 5204. సాంబ మసూరి. తెలుగునాట సన్నబియ్యం తినే ఇల్లు దాదాపుగా ఈ బియ్యం రుచి చూసే ఉంటుంది. బీపీటీ అంటే బాపట్ల. ఈ వంగడం బాపట్ల వరి పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైంది. దీని తాత ముత్తాతలు ఎక్కడివాళ్ళు? జీఈబీ 24 కోయంబత్తూరుది. టైచుంగ్ నేటివ్ 1 తైవాన్‌ది. మసూరి మలేషియా నుంచి వచ్చింది. మూడు దేశాల విత్తనం బాపట్లలో కలిసి బాపట్లది అయింది. స్పెయిన్ ద్రాక్ష ఫ్రాన్సుది అయినట్టే.

మరి బజారులో 26 కేజీల సంచి మీద బాపట్ల పేరు కనిపిస్తుందా? ఆ సంచి మీద కర్నూలు సోనా అని ఉంటుంది, సోనా మసూరి అని ఉంటుంది, దేవుడి బొమ్మో జంతువు బొమ్మో ఉంటుంది, మిల్లు పేరు ఉంటుంది. కర్నూలు రైతుల మీద నాకేమీ కోపం లేదు. వాళ్ళ ఊరి పేరుకి వాళ్ళు విలువ తెచ్చుకున్నారు, అది మెచ్చుకోవాల్సిన పని. మన ఊరి పేరు మనం ఎందుకు పెట్టుకోలేదన్నదే నా ప్రశ్న.

మినుము సంగతీ అంతే. ఎల్‌బీజీ 752 అని విత్తనం కొంటాం. ఎల్ అంటే లాం, గుంటూరు పక్కన ఉన్న లాం ఫారం. విత్తనం సంచి మీద లాం ఉంది, పప్పు ప్యాకెట్ మీద లేదు. అంటే ఊరి పేరు రైతు కొనే సరుకు మీద ఉంటోంది, రైతు అమ్మే సరుకు మీద ఉండటం లేదు. లాభం పోయేది సరిగ్గా అక్కడే.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. మూడేళ్ళు కష్టపడి నేలకి ప్రాణం పోస్తాం. ఘనజీవామృతం, ద్రవజీవామృతం, వేసవి చివర నవధాన్యాలు, అన్నీ చేస్తాం. ఆఖరికి ధాన్యం మిల్లు కుప్పలో పడిందంటే పక్క చేలో యూరియా వేసి పండించిన గింజకీ మన గింజకీ తేడా చెప్పే నాథుడు లేడు.

దేశవాళీ రకాలు వేస్తే పేరు వస్తుందని కొందరం ఆ దారి పట్టాం. నవారా, బహురూపి, రక్తశాలి. మంచిదే, వెయ్యాలి కూడా. కానీ నవారా అనగానే కొనేవాడికి గుర్తొచ్చేది కేరళ, దానికి భౌగోళిక గుర్తింపు కూడా అక్కడిదే. రకం పేరు మీద మాత్రమే ఆధారపడితే రేపు ఎవరైనా ఎక్కడైనా అదే రకం వేసి మనకన్నా చవగ్గా అమ్మొచ్చు. రకాన్ని ఎవరైనా తీసుకుపోవచ్చు, నేలని ఎత్తుకుపోలేరు.

మన కలయిక మన వంటింట్లోనే ఉంది

మరి మన డెల్టాకి ఆ ఎర్ర వైన్ లాంటి కలయిక ఏదైనా ఉందా? ఉందండీ. పొద్దున్నే తినే ఇడ్లీ, మినపట్టు.

ఆలోచించండి. తెనాలి, వేమూరు, రేపల్లె మాగాణుల్లో సార్వాకి వరి. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, పైరు నిలబడి ఉండగానే, పదునులో మినుములు చల్లడం. ఆ మిగిలిన తేమతో, మంచుతో మినుము పండటం. నీళ్ళు పెట్టం, దున్నం. ఒకే చెక్క నుంచి ఒకే ఏడాదిలో బియ్యమూ వస్తుంది, మినుమూ వస్తుంది. ఇడ్లీ పిండికి కావాల్సిన రెండూ అవే. రెండిట్నీ నానబెట్టి రుబ్బి, రాత్రి మూతపెట్టి వదిలేస్తే పొద్దుటికి పొంగుతుంది. ఎవరూ ప్యాకెట్ ఈస్ట్ తెచ్చి వెయ్యరు. ఆ సూక్ష్మజీవులు మినపగుళ్ళతో పాటు చేలో నుంచి వంటింటికి వస్తాయి.

దక్షిణ ఫ్రాన్సులో సహజ పద్ధతిలో వైన్ చేసే రైతు కూడా ఇదే చేస్తాడు. ద్రాక్ష తోలు మీదా తన నేలమాళిగలోనూ ఉండే సహజమైన ఈస్ట్‌తోనే రసాన్ని పులియనిస్తాడు. ఆ తర్వాత వైన్‌లో పదునైన పులుపుని మెత్తబరిచే బాక్టీరియా ఒకటి ఉంది, ఈనోకాకస్ అని. 1995 దాకా శాస్త్రవేత్తలు దాన్ని ల్యూకోనోస్టాక్ కింద లెక్కవేసేవారు. మన ఇడ్లీ పిండిని పొంగించేది ల్యూకోనోస్టాకే. వాళ్ళ పీపాలో ఉన్నదీ మన గిన్నెలో ఉన్నదీ దాయాదులన్నమాట.

జీవామృతం డ్రమ్ము కూడా గుర్తు చేసుకోండి. 200 లీటర్ల నీళ్ళు, 10 కేజీల పేడ, మూత్రం, 2 కేజీల బెల్లం, 2 కేజీల పప్పు పిండి. ఇవి ఏ ఊళ్ళో అయినా ఒకటే. చివర్లో వేసే గుప్పెడు గట్టు మట్టి మాత్రం ఎవరి చేనుది వాళ్ళదే. ఫ్రెంచివాళ్ళు 'తెర్వార్' అని ఒక మాట వాడతారు. నేల, నీరు, గాలి, అక్కడి మనుషుల అలవాటు, అన్నీ కలిసి పంటలోకి దిగే గుణం అని దానికి అర్థం. మనకి అంత పెద్ద మాట అక్కర్లేదు. గట్టు మట్టి అంటే చాలు.

ఇప్పుడు ఆ మినుము ఏమైపోతోందో కూడా చెప్పుకోవాలి. పల్లాకు తెగులు వచ్చింది, బంగారు తీగ అల్లుకుంది, కోత మిషన్లు వచ్చి నిలబడ్డ వరిలో చల్లే పద్ధతికి అడ్డం పడ్డాయి. మినుము పోయి ఆ మాగాణుల్లోకి మొక్కజొన్న, జొన్న వచ్చాయి. మొక్కజొన్నకి ఎరువులెన్ని, నీళ్ళెన్ని వేరే చెప్పాలా? ఇడ్లీలో సగం మన చేలోంచి వెళ్ళిపోయింది. పసుపు జిగురు అట్టలు పెట్టి, బీజామృతంతో విత్తన శుద్ధి చేసి, చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న వేసి, తెల్లదోమ కనిపించగానే నీమాస్త్రం కొట్టి మినుముని నిలబెట్టుకుంటున్న ప్రకృతి రైతులు ఉన్నారు. వాళ్ళ కష్టానికి ధరలో గుర్తింపు లేకపోతే వాళ్ళూ ఎన్నాళ్ళు నిలబడతారు?

ముందు కట్టుబాటు, తర్వాత పేరు

ఫ్రాన్సు రైతుకి ఊరి పేరు ఊరికే రాలేదు. 1900 తర్వాత దక్షిణాన వైన్ ధర కుప్పకూలింది. పంట ఎక్కువైంది, బయటి నుంచి వైన్ దిగింది, దానికితోడు పంచదార నీళ్ళతో చేసిన కల్తీ సరుకు బజారు నిండా పారింది. 1907లో రైతులు రోడ్డెక్కారు. ఆర్జెలియె అనే పల్లెలో కాఫీ కొట్టు నడుపుకుంటూ ద్రాక్ష పండించే మార్సెలాన్ అల్బేర్ ముందు నిలబడ్డాడు. జూన్ 9న మోంపెలియె పట్నంలో 5 లక్షల మందికి పైగా చేరారని అంచనా. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ ఏడాదే కల్తీకి కళ్ళెం వేస్తూ చట్టం వచ్చింది.

కల్తీ ఆగితే చాలదని తర్వాత తెలిసింది. షాతోనెఫ్ దు పాప్ అని రోన్ నది పక్కన ఒక ఊరు. ఆ ఊరి పేరు వేరేవాళ్ళు వాడేసుకుంటున్నారు. అప్పుడు ఆ ఊరి రైతులు బారన్ లెరువా అనే లాయరు దగ్గరికి వెళ్ళారు. ఆయనా ద్రాక్ష రైతే. 1923లో వాళ్ళు తమకి తామే కట్టుబాట్లు రాసుకున్నారు. ఏ నేల ఈ పేరుకి తగుతుంది? అడవి వాము, లావెండర్ రెండూ వాటంతటవే మొలిచే నేల మాత్రమే. ఏ రకాలు వెయ్యొచ్చు, పండు ఎంత పండాలి, పాడైన గుత్తులు ఎలా ఏరెయ్యాలి, అన్నీ రాసుకున్నారు. 1935లో దేశం మొత్తానికి ఆ పద్ధతి చట్టమైంది. 1936లో ఆ ఊరికి అధికారికంగా పేరు దక్కింది. ఈనాటికీ అక్కడ హెక్టారుకి 35 హెక్టోలీటర్లు మించకూడదు. మన లెక్కలో ఎకరాకి 1,400 లీటర్లు. కోత చేత్తోనే కొయ్యాలి. 13 రకాలకి అనుమతి ఉంది, ఎన్ని కలుపుకోవాలన్నది రైతు ఇష్టం.

ఇక్కడే కల్తీకీ కలయికకీ తేడా తెలుస్తుంది. 13 రకాలు కలిపినా అది కల్తీ అవ్వలేదు, ఎందుకంటే ఏం కలుపుతున్నారో, ఎక్కడిది కలుపుతున్నారో అందరికీ తెలుసు. మన మిల్లులో రెండే రకాలు కలిపినా అది కల్తీ అవుతోంది, ఎందుకంటే చెప్పకుండా కలుపుతున్నారు కాబట్టి.

మీరు అడగబోయే ప్రశ్నలు

పేరు పెట్టేస్తే ధర వచ్చేస్తుందా? రాదు. లాంగ్‌డాక్‌లో ఈ రోజుకీ రైతులు కష్టాల్లోనే ఉన్నారు. వైన్ తాగేవాళ్ళు తగ్గిపోయి, తోటలు పీకేసుకోండని అక్కడి ప్రభుత్వమే డబ్బు ఇస్తోంది. సేంద్రియ తోటల్లో కూడా రాగి మందు తప్పడం లేదు, ఏడేళ్ళకి హెక్టారుకి 28 కేజీలు మించకూడదని యూరప్‌లో నిబంధన పెట్టుకున్నారు. వాళ్ళు స్వర్గంలో ఉన్నారని నేను చెప్పను. కానీ పేరు ఉన్నవాడికి కనీసం బేరం ఆడే చోటు ఉంటుంది. పేరు లేని ధాన్యానికి బేరమే లేదు, వాడు చెప్పిందే రేటు.

మన బియ్యంలో ఊరికీ ఊరికీ అంత తేడా ఉంటుందా? తేల్చుకోవచ్చు కదా. తెనాలిది బరువైన నల్ల నేల. బాపట్ల దగ్గర సముద్రం వైపు పోతే ఇసక నేల. రేపల్లె కింద నిజాంపట్నం దిక్కున శివారు భూములు, చౌడు, ఉప్పు గాలి. ఒకే బీపీటీని మూడు చోట్లా ప్రకృతి పద్ధతిలో పండించి, ఒకేలా మరపట్టి, ఒకే నీళ్ళతో వండి, ఏది ఎక్కడిదో చెప్పకుండా పదిమందికి పెడదాం. ఏమన్నారో రాసుకుందాం. వైన్ రుచి చూసేవాళ్ళు చేసేది ఇంతే. ఖర్చు ఒక పూట అన్నం. తేడా లేదని తేలితే ఒప్పుకుందాం, ఉందని తేలితే దాన్ని సంచి మీద రాద్దాం.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న కౌలుది. డెల్టాలో పొలం చేసేవాళ్ళలో చాలామంది కౌలుదార్లే. నేల పేరుకి ధర పలికితే ఆ లాభం ఎవరికి పోతుంది? వచ్చే ఏడు ఎకరాకి ఇంకో రెండు బస్తాలు పెంచమని ఆసామి అడిగితే? ఇది నిజమైన భయం. అందుకే ఆ పేరు ఒక్క ఆసామి చేతిలోనో ఒక్క వ్యాపారి చేతిలోనో ఉండకూడదు. చేను చేసేవాళ్ళ సంఘం చేతిలో ఉండాలి, కౌలు రైతుకి అందులో సమానంగా ఓటు ఉండాలి. మూడేళ్ళు బాగుచేసిన నేలని మధ్యలో లాక్కోకుండా కనీసం ఆ మూడేళ్ళకైనా కౌలు మాట ఖాయం చేసుకోవాలి.

ఏం చెయ్యాలంటే

నా సూచన ఇది. ఒక ఊళ్ళో ఐదుగురు రైతులు చాలు. పీజీఎస్ పద్ధతిలో సర్టిఫికెట్ కోసం గుంపు కట్టాలన్నా కనీసం ఐదుగురే కావాలి, ఒకరి చేను ఒకరు చూసి సంతకం పెట్టే పద్ధతి అది. ఆ ఐదుగురూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవాలి. ఏ ఏ చెక్కలు, ఏ రకాలు, ఏం వాడతాం, ఏం వాడం, ధాన్యం ఎన్నాళ్ళు నిలవబెట్టి మరపట్టిస్తాం.

రెండోది, సంచుల లెక్క. ఎకరాకి ఎన్ని బస్తాలు పండాయో ఊరందరికీ తెలిసేలా రాసి, బియ్యం అయ్యాక ఒక్కో సంచికి నంబరు వెయ్యాలి. పండినన్నే సంచులు, ఒక్కటి ఎక్కువ ఉండకూడదు. గిరాకీ బాగుందని బయటి బియ్యం తెచ్చి మన సంచిలో పోసిన రోజున ఆ పేరు చచ్చినట్టే. షాతోనెఫ్ రైతులు ఎకరాకి ఇంతే అని గీత గీసుకున్నది ఇలాంటి ఆశకి అడ్డం పడటానికే.

మూడోది, జంట సంచి. ఒకే చేనులో పండిన బియ్యపు రవ్వ, మినపగుళ్ళు ఒకే సంచిలో రెండు ప్యాకెట్లుగా పెట్టి, ఇడ్లీకి సరిపడే పాళ్ళలో అమ్మాలి. పైన పెద్ద అక్షరాలతో ఊరి పేరు. వెనక రకాల పేర్లు, బీపీటీ 5204 అనో, ఎల్‌బీజీ 752 అనో, దేశవాళీ అయితే దాని పేరో. కింద రైతుల పేర్లు, నూర్చిన నెల. హైదరాబాదులో అపార్టుమెంటులో ఉన్న తెనాలి అమ్మాయి ఆ సంచి మీద తన ఊరి పేరు చూస్తే పక్కన ఉన్న సంచి వైపు చెయ్యి పోతుందంటారా?

భౌగోళిక గుర్తింపు తర్వాత మాట. ఆ చట్టం 1999లో వచ్చింది, 2003 నుంచి అమలవుతోంది. గుంటూరు సన్నం మిర్చికి ఉంది, బందరు లడ్డూకి ఉంది, ఆత్రేయపురం పూతరేకులకి ఉంది. మనకీ దారి తెరిచే ఉంది. కానీ దరఖాస్తు పెట్టేనాటికి మన దగ్గర చూపించడానికి ఏళ్ళ తరబడి రాసిన లెక్కలు, పాటించిన కట్టుబాట్లు ఉండాలి. 1923లో రాసుకున్న కాగితం ఉండబట్టే షాతోనెఫ్‌కి 1936లో పేరు దక్కింది.

ఈ సార్వా ధాన్యం ఇంకా గాదెలోకి రాలేదు. మినుములు చల్లే పదును ఇంకా ముందుంది. ఐదుగురు కూర్చోడానికి ఇంతకన్నా మంచి అదను ఉండదు. కాగితం, పెన్ను పట్టుకుని రండి. ముందు కట్టుబాట్లు రాద్దాం, సంచి కుట్టించడం తర్వాత చూద్దాం.